ఖాళీ సీటుతో బయల్దేరిన ఇల్లుబండి

జూన్ 3

ఏడు గంటలకు బయలుదేరాం. కాదు, బయలుదేరాను. కినుయే ఇంట్లోనే ఉండిపోయింది.

నలభై ఏళ్ళు రైలు నడిపినవాణ్ణి. ఒక్కసారి ఆలస్యంగా కదల్లేదు, ఆగాల్సిన స్టేషన్ దాటిపోలేదు. అలాంటివాణ్ణి, రిటైరయ్యాక మొట్టమొదటి దూర ప్రయాణంలో, ఉన్న ఒక్క ప్రయాణికురాలినీ గుమ్మంలో వదిలేసి వచ్చాను. ఈ సంగతి ఈ డైరీకి తప్ప ఇంకెవరికీ చెప్పేది లేదు.

తప్పు నాది కాదు. వీధి వీధంతా వచ్చి నిలబడింది. తదోకొరో గారు మా వీధి సంఘానికి పేరుకే అధ్యక్షుడు, నడిపేదంతా ఆయన భార్య. ఆవిడ గుడ్డ మీద "ఇగరషి దంపతుల హొక్కైదో యాత్రకు శుభాకాంక్షలు" అని రాయించి, చెరో కొస పట్టుకోమని ఇద్దరు ముసలాళ్ళను నిలబెట్టింది. దారి ఖర్చులకని డబ్బు పెట్టిన ప్రయాణపు కవర్లు ఇంటింటి నుంచీ ముందే వచ్చేశాయి. కవరు పుచ్చుకున్నాక వెళ్ళకుండా ఉండడమనేది మాలో లేదు. వెళ్ళినవాడు ఆ ఊరి స్వీటు పెట్టె ఇంటింటికీ తేకుండా ఉండడమూ లేదు.

ఏడయింది. రైల్లో మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. కంటితో చూడాలి, వేలితో చూపించాలి, నోటితో అనాలి. మూడూ చేస్తే పొరపాటనేది జరగదు. అద్దం, సరే! బెల్టు, సరే! ముందు దారి, సరే! బండి కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాస్త పొంగిపోయిన మాట నిజమే.

కినుయే వెనక గదిలో పడుకుందనుకున్నాను. బండెక్కితే కునుకు తీయడం ఆమెకి అలవాటు. వీధివాళ్ళూ అదే అనుకున్నారు. సగం దారిలో, బళ్ళు ఆగి సేదతీరే ఈ దారిపక్క స్టేషన్ దగ్గర ఆపి, టీ డబ్బాలు రెండు కొని వెనక తలుపు తట్టాను. లోపల రెండు దిళ్ళు ఉన్నాయి, మనిషి లేదు.

ఫోన్ చేస్తే వెంటనే తీసింది. గ్యాసు కట్టేశానో లేదో చూడ్డానికి లోపలికెళ్ళానంది. ఇప్పుడే వెనక్కి వస్తున్నానన్నాను.

"మీరు రాకండి. ఇంకా బ్యానరే విప్పలేదు వాళ్ళు. పెళ్ళాన్ని మరిచిపోయి వెళ్ళాడట అని రేపు పొద్దున వీధంతా చేరి చేసే రేడియో కసరత్తులో అందరూ చెప్పుకుంటుంటే నేను తలెక్కడ పెట్టుకోను?"

షట్టర్లు దించేసి ఉన్నాయట. ఇంట్లో ఎవరూ లేరనే అందరి నమ్మకం. ఎల్లుండి ఎవరి కంటా పడకుండా బస్సెక్కి ఇక్కడికే వస్తుందట, అందాకా నన్ను కదలొద్దంది. సరేనన్నాను.

పట్టాలు లేనిదాన్ని స్టేషన్ అనడం నాకు నచ్చదు. ఒక కూరగాయల కొట్టు, ఒక నూడుల్స్ బల్ల, పెద్ద ఖాళీ స్థలం, ఇంతే. టాయిలెట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

జూన్ 4

వాన. కినుయే రేపు వస్తుంది.

జూన్ 5

రాలేదు. తదోకొరో గారి భార్య పొద్దున్నుంచీ మా పెరట్లోనే ఉందట. మేం వచ్చేదాకా అజిసాయి పూలమొక్కలకు నీళ్ళు పోస్తానని మాటిచ్చింది. అందుకని వాన పడుతుంటే గొడుగు వేసుకుని మరీ నీళ్ళు పోస్తోందట. ఆవిడ ఉండగా కినుయే బయటికెలా వస్తుంది? సబబైన కారణమే. హొక్కైదో వెళ్ళే ఓడ టికెట్టు వాయిదా వేయించాను.

ఇక్కడ బండి ఆపుకుని కాసేపు కునుకు తీయవచ్చు గాని కాపురం పెట్టకూడదు. బయట కుర్చీ వేయకూడదు, పందిరి చాపకూడదు, పొయ్యి వెలిగించకూడదు. బోర్డు ఉంది. నేను నిబంధన తప్పే మనిషిని కాను. అందుకే రోజూ పొద్దున్నే బండి తీసి, ఒక చుట్టు చుట్టి, ఇంకో చోట ఆపుతున్నాను. అప్పుడది కొత్త కునుకవుతుంది.

ఊసుపోక ఇల్లుబళ్ళను చూస్తూ కూర్చున్నాను. ఎన్ని రకాలో. కప్పు పైకి లేచి గుడారమయ్యేవి ఉన్నాయి. సామాన్ల వ్యానులో పరుపు పరిచి, కిటికీలకు తెరలు కట్టి, ఇదే ఇల్లు అనేవాళ్ళున్నారు. డ్రైవరు నెత్తి మీదికి మంచం పొడుచుకొచ్చిన భారీ బళ్ళున్నాయి. వాటి యజమానులు మా బుల్లిబళ్ళకేసి కన్నెత్తి చూడరు. ఒక కుర్ర జంట కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని వచ్చింది. ముందుకు లాగడం వచ్చు, వెనక్కి నెట్టడం రాదు. కారు ఎటు తిప్పితే ఇల్లు దానికి ఎదురు తిరిగింది. భార్య దిగి చేతులూపింది, భర్త తల ఊపాడు, చివరికి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. చాలాసేపు చూశాను. మంచి కాలక్షేపం.

నాది రైతులు ముల్లంగి మోసుకునే బుల్లి ట్రక్కు. దాని వీపున దేవదారు చెక్క గది కట్టించాను. ఇద్దరు పడుకుంటే ఒకరు పక్కకి తిరగాలన్నా రెండోవారి అనుమతి కావాలి. ఒక్కడికైతే చాలా విశాలం.

నా పక్కన ఆగినది ఒకప్పుడు కిండర్‌గార్టెన్ పిల్లల్ని మోసిన బస్సు. ముందు ఏనుగు మొహం ఉంది, తొండం రంగు వెలిసిపోయింది. లోపల మంచం, కుర్చీలు, పూలకుండీ అన్నీ ఉన్నాయి. వకుయి అనే ఆవిడ ఒక్కర్తే అందులో దేశం తిరుగుతోంది. డెబ్భై ఏళ్ళుంటాయి. రాగానే మీ ఆవిడ కనబడ్డంలేదేమని అడిగింది. నా సీటు పక్కన ఆడవాళ్ళ గొడుగు చూసిందట. ఒంట్లో బాగోలేక లోపల పడుకుందన్నాను. ఇంకేం చెప్పను?

జూన్ 6

రాలేదు.

వకుయి గారు రోగికని రెండు ఆవిరి బన్నులిచ్చారు. రెండూ తిన్నాను. పళ్ళెం కడిగి తిరిగిచ్చి, మా ఆవిడకి చాలా నచ్చాయని చెప్పాను. రోగమొచ్చినా పాపం నోటికి రుచి పోలేదన్నమాట అన్నారావిడ, నా చొక్కా మీద పడ్డ పిండి చూస్తూ.

కినుయే లేక నాకు ఇబ్బందేమీ లేదు. మేజోళ్ళు ఎక్కడ పెట్టిందో తెలియడం లేదు, అంతే.

జూన్ 7

ఫోన్ చేస్తే ఏదో నములుతూ మాట్లాడింది. ఏం తింటున్నావంటే రొట్టె అంది. ఎక్కడ కూర్చుని అంటే పక్క మీద అంది. పక్క మీద రొట్టె తింటే పొడి రాలదూ అన్నాను.

"రాలిందండీ. బోలెడు రాలింది," అంది. అంత సంతోషంగా ఆమె మాట్లాడి చాలా కాలమైంది.

తదోకొరో గారి భార్య కిటికీ కింద నిలబడి ఎదురింటావిడతో, మొగుడంటే ఇగరషి గారే, పెళ్ళాన్ని పువ్వులా కూర్చోబెట్టి హొక్కైదో తీసుకెళ్ళారు అందట. పువ్వు లోపల నవ్వాపుకోలేక తువ్వాలు కొరుక్కుంటోందట. నాకు అందులో నవ్వు రాలేదు.

ఎప్పుడొస్తున్నావని అడిగాను. నమలడం ఆపింది.

"గ్యాసు చూడ్డానికి వెళ్ళలేదు నేను. గుమ్మంలోనే ఉన్నా. బూట్లేసుకుని, సంచీ పట్టుకుని, తలుపు సందులోంచి మిమ్మల్నే చూస్తున్నా. మీరు పక్క సీటుకేసి వేలు చూపించి 'కినుయే, సరే!' అన్నారు. సీటు ఖాళీగా ఉంది."

నేను అలా అనలేదన్నాను. మరి నువ్వు గట్టిగా పిలవొచ్చుగా అని కూడా అన్నాను.

"పిలుద్దామనే నోరు తెరిచాను. ఈలోగా మీరు సరే అనేశారు. మీరు సరే అన్నాక మనింట్లో ఇంక మాటుందా?"

ఫోన్ పెట్టేసింది. నేను అనలేదు. అద్దం అన్నాను, బెల్టు అన్నాను, దారి అన్నాను. ఆమె వెనక గదిలో ఉందనుకున్నవాణ్ణి సీటుకేసి వేలెందుకు చూపిస్తాను?

జూన్ 8

అన్నాను.

జూన్ 9

వాన తెరిపిచ్చింది. వకుయి గారు బస్సు మెట్టు మీద కూర్చుని బీన్స్ ఒలుస్తూ, నా చేతిలోనూ గుప్పెడు పెట్టి కూర్చోమన్నారు. మెట్టు కుర్చీ కాదు గనక నిబంధనకు భంగం లేదు.

ఇల్లుబళ్ళ చరిత్ర ఆవిడకి కంఠతా వచ్చు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు వ్యానులో పరుపేసుకుని సముద్రానికి పోవడమే గొప్పట. తర్వాత దేశానికి డబ్బు తలకెక్కిన రోజులొచ్చాయి. అందరూ కొండలెక్కే బళ్ళు కొని, ఎద్దు గుద్దినా తట్టుకునేలా ముందు ఇనప కమ్మీలు బిగించుకున్నారు. టోక్యోలో వాటిని గుద్దడానికి ఎద్దులే దొరకలేదట. డబ్బూ పోయింది, కమ్మీలూ పోయాయి. ఇప్పుడేమో రిటైరైన మొగుళ్ళ కాలం నడుస్తోంది. పెళ్ళాన్ని మాట మాత్రం అడక్కుండా బండి కొనేసి, ఇంటి ముందు ఆపి, నీకోసమే అంటారట.

నేను కినుయేతో సరిగ్గా ఆ మాటే అన్నాను. వకుయి గారికి ఆ సంగతి చెప్పలేదు.

మేమూ తక్కువ తినలేదన్నట్టు నేను పడక రైళ్ళ గురించి చెప్పాను. నేను పనిచేసిన రోజుల్లోనే వాటిని ఒక్కొక్కటిగా తీసేశారు. పడుకుని ప్రయాణం చేయాలనే కోరిక మాత్రం జనానికి చావలేదు. పట్టాలు దిగి రోడ్డెక్కింది, అదే ఈ ఇల్లుబళ్ళు. ఈ ముక్క ఆవిడకి నచ్చింది.

సరదాగా తిరగడానికని ఇల్లుబండి కట్టించుకున్నవాళ్ళలో మొదటివాడు ఇంగ్లండులో ఒక డాక్టరట. గుర్రాలు లాగేవి. వెంట బండివాడు, నౌకరు, కుక్క, చిలుక. నిజమో ఆవిడ కల్పనో నాకు తెలీదు.

"చిలుక్కి కూడా చోటుంది," అన్నారావిడ. "భార్య ఊసు మాత్రం ఎక్కడా లేదు."

మాట మారుద్దామని మీ వారెక్కడ అని అడిగాను. పోయారేమోనని గొంతు కూడా తగ్గించాను.

"ఇంట్లో ఉన్నారు. గుండ్రాయిలా ఉన్నారు. అందుకే నేనిక్కడ ఉన్నాను."

ఆ మాట తర్వాత బీన్స్ ఒలవడం నాకు చేతకాలేదు.

జూన్ 10

అడ్డంగా దొరికిపోయాను.

పొద్దున నూడుల్స్ తిని వచ్చేసరికి వకుయి గారు నా బండి వెనక తలుపు దగ్గర గొడుగు కర్రలా పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహంలో నవ్వు లేదు.

"ఇగరషి గారూ, ఒక్క మాట. లోపలున్నావిడ బతికే ఉందా?"

ఐదు రోజులుగా తెర కదల్లేదు, దగ్గు వినబడలేదు, టాయిలెట్‌కి మనిషి రాలేదు. తిండి మాత్రం అయిపోతోంది. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. బతికే ఉందండీ, ఇంట్లో ఉంది అన్నాను. అది ఇంకా అనుమానంగా వినబడింది. తలుపు తీసి రెండు దిళ్ళూ చూపించాను. తర్వాత మొత్తం చెప్పాను, వేలు చూపించిన సంగతితో సహా. ఎందుకు చెప్పానో తెలీదు. ఎవరితోనో చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు.

ఆవిడ మెట్టు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత కినుయే ఫోన్ నంబరు అడిగారు.

జూన్ 11

కినుయే ఫోన్ పొద్దున్నుంచీ బిజీగా ఉంది. ఏనుగు బస్సు తలుపులు మూసి ఉన్నాయి. లోపలినుంచి నవ్వులు వినబడుతున్నాయి. నా గురించే అయివుండదు.

జూన్ 12

కినుయే వచ్చింది.

నా పాత టోపీ, మొహానికి మాస్కు, చేతిలో సంచీ. బస్సు దిగుతుంటే చూశాను. రాసుకోవడానికి సిగ్గెందుకు, నాకు ఏడుపొచ్చింది. పరుగెత్తి వెళ్ళి పక్క సీటు తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె బండి చుట్టూ తిరిగి రెండో వైపుకి వెళ్ళింది. డ్రైవరు వైపుకి.

తాళాలడిగింది. నీకు నడపడం వచ్చా అన్నాను. వకుయి గారు నాకేసి జాలిగా చూశారు. కినుయే ముల్లంగి రైతు కూతురు. పెళ్ళికి ముందు ఇలాంటి ట్రక్కులో గట్ల మీద సరుకు తోలేది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి మరిచిపోయాను.

ఇద్దరూ అంతా ఏర్పాటు చేసుకున్నారు. ముందు ఏనుగు, వెనక కినుయే, సాయంత్రం ఓడకి హొక్కైదో. మరి నేను?

"మీరు ఇల్లు చూసుకోండి. పెరటి వైపునుంచి లోపలికి వెళ్ళండి, భోజనాల వేళ అయితే వీధిలో ఎవరూ ఉండరు. షట్టర్లు ఎత్తొద్దు, లైటు వెయ్యొద్దు. ముఖ్యంగా, అరవొద్దు. మనిద్దరం హొక్కైదోలో ఉన్నామని మరిచిపోకండి."

ఎప్పుడొస్తావని అడిగాను. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ మాట్లాడింది.

"మీరు రిటైరై ఇంట్లో కూర్చున్న రోజునుంచీ పొద్దస్తమానం ఒకటే అరుపు. కుళాయి, సరే! పొయ్యి, సరే! గిన్నె మూత, సరి లేదు! ఈ తొమ్మిది రోజులు ఆ ఇంట్లో చప్పుడు లేకుండా ఉంటే నా ప్రాణం ఎంత హాయిగా ఉందో మీకెలా చెప్పను? ఆ ఇంటికి మళ్ళీ వచ్చి మీతో ఉండగలనో లేదో నాకే తెలీట్లేదు. అక్కడికెళ్ళి ఆలోచించుకుంటా."

ఉండిపో అనాలి. లేదా క్షమించు అనాలి. నేను అన్నదేమిటంటే, ఎడమ అద్దం కాస్త లోపలికి తిప్పుకో అని.

తిప్పుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. వేలు చూపించలేదు, నోరు తెరవలేదు. ఏనుగు వెనకే నా బండి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. నేను రైలెక్కి ఇంటికి వచ్చాను. దొంగలా పెరటి గుమ్మం తీసుకుని లోపలికి దూరాను.

పక్క మీద రొట్టె పొడి ఉంది. దులపలేదు.

జూన్ 13

పొద్దున నీళ్ళు కాచి పొయ్యి ఆపి, అలవాటుగా వేలెత్తి నోరు తెరిచాను. కిటికీ అవతల తదోకొరో గారి భార్య గొంతు. చేతికందిన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. దాని అంచున పళ్ళగాట్లు ముందే ఉన్నాయి.

జూన్ 14

ఇంత చిన్న ఇంట్లో ఇన్ని చప్పుళ్ళుంటాయని తెలీదు. ఫ్రిజ్ మూలుగుతుంది. మెట్లలో మూడోది కిర్రుమంటుంది. వాన చూరు మీద ఒకలా, మొక్కల మీద ఒకలా పడుతుంది. నేను లేనప్పుడు కినుయే వింటూ కూర్చున్నది ఇవేనేమో.

ఫోన్ రాలేదు. నాకెదురుచూపేమీ లేదు. ఫోన్ పక్కనే ఎందుకు కూర్చున్నానంటే అక్కడ గాలి బాగా వస్తుంది. షట్టర్లు మూసి ఉన్నా సరే.

జూన్ 15

రాలేదు.

జూన్ 16

ఈ రోజు తదోకొరో గారి భార్య ఎదురింటావిడతో, ఇగరషి గారి భార్య అదృష్టవంతురాలు, ఇప్పుడు ఏ సరస్సు ఒడ్డునో మొగుడు పక్కన కూర్చుని ఉంటుంది అంది. తలుపు తీసి అమ్మా తల్లీ ఊరుకో అందామనిపించింది. వకుయి గారి మొగుడు కూడా ఇలాగే గుండ్రాయిలా ఎక్కడో కూర్చుని ఉంటాడు. ఆయన్ని తల్చుకుంటే భయం వేస్తోంది. అన్నం వండుకున్నాను, మాడింది.

జూన్ 18

మధ్యాహ్నం ఫోన్ మోగింది. మొదటి మోతకే తీశాను. సరిగ్గా అదే క్షణంలో కిటికీ కింద బకెట్టు పెట్టిన చప్పుడు. తదోకొరో గారి భార్య కలుపు తీయడానికి కూర్చుంది. షట్టరుకు ఇవతల నేను, అవతల ఆవిడ, మధ్యలో ఒక రేకు. ఊపిరి తీస్తే వినబడేంత దగ్గర.

"నేనే," అంది కినుయే.

నేనేమీ అనలేకపోయాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

ఓడలో తలుపు పక్కన చోటు దొరికిందట. ఏనుగు బస్సు ఒక బురద దారిలో దిగబడితే కినుయే బుల్లి ట్రక్కుతో తాడు కట్టి లాగిందట. జూన్‌లో స్వెట్టరు వేసుకోవలసి వస్తోందట. నిన్న తిన్నగా ఉన్న రోడ్డు మీద మలుపన్నదే లేకుండా నడిపి, మధ్యలో తను పాట పాడుతున్నట్టు తనకే ఆలస్యంగా తెలిసిందట. తమ మకాం నుంచి ఉత్తర కొసకి ఎంత దూరమో చెప్పింది. తప్పు చెప్పింది. అక్కడి రైలు దారి మొత్తం నాకు కంఠతా వచ్చు. నాలుక కరుచుకుని కూర్చున్నాను.

తర్వాత ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ సంగతి చెప్పింది. ప్రయాణానికని కొత్త బూట్లు కొనుక్కుందట. ఆకుపచ్చవి. ఈ వయసులో ఆ రంగేమిటని మీరంటారేమో అనుకున్నా, అన్నా బాగుండేది, చూసినట్టే కదా అంది. బండి నాకు చెప్పకుండా కొన్నందుకు కోపం లేదు, నాకు పాత ట్రక్కు నడపడమంటే ఇష్టమని మీకెప్పుడూ తోచనందుకు కోపం అంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పబోయానంది. సగంలో మీరు సిగ్నళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టారంది. వాళ్ళమ్మ పోయినప్పుడు నాతో చెప్పుకోవాలనుకున్నవి చెప్పింది. ఎన్నో చెప్పింది. అన్నీ ఇక్కడ రాయను, అవి ఆమెవి.

ఏడుస్తున్నట్టు అనిపించింది ఒకచోట. మరోచోట నవ్వింది. వచ్చే వారం ఓడకి వస్తాను లెండి, ఏనుగావిడ ఇంకా పైకి వెళుతుందట, నాకిది చాలు అంది.

గేటు చప్పుడైంది. తదోకొరో గారి భార్య బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. పెరట్లో ఎవరూ లేరు. ఇప్పుడు ఎంత గట్టిగానైనా మాట్లాడవచ్చు. నేను నోరు తెరవలేదు. కినుయే ఇంకా చాలాసేపు చెప్పింది.

చివర్న అడిగింది: "ఉన్నారా?"

గోరుతో ఫోను మీద రెండుసార్లు తట్టాను.

"ఇవాళ మీతో మాట్లాడుతుంటే ఎంత బాగుందో," అంది. "రేపు కూడా ఈ వేళకే చేస్తాను."